మంత్రదండం వెనక దెయ్యముందా?

అది 2001 డిసెంబరు 30. ఆదివారం రాత్రి. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రం, అలమగోర్డో పట్టణం. అక్కడి ఓ చర్చి బయట పెద్ద మంట. చుట్టూ వందలమంది జనం. ఒక్కొక్కరే ముందుకొచ్చి చేతిలో ఉన్న పుస్తకాన్ని మంటలోకి విసురుతున్నారు. రోడ్డుకు అవతల మరో గుంపు. 'పుస్తకాలు తగలబెట్టడమేంటి?' అంటూ నినాదాలు. ఇంతకీ ఆ మంటలో కాలుతున్న వాటిలో ముఖ్యమైనది ఓ కళ్లజోడు కుర్రాడి కథ. ఆ కుర్రాడి పేరు హ్యారీ పోటర్!

అప్పటికి ఆరువారాల కిందటే తొలి పోటర్ సినిమా విడుదలైంది. ఏ ఊళ్లో చూసినా పిల్లలంతా ఆ మాటే. అలాంటి సమయంలో పాస్టర్ జాక్ బ్రాక్ క్రిస్మస్ ముందురోజు ప్రసంగంలో బాల యేసు పక్కన హ్యారీ పోటర్‌ని నిలబెట్టి, ఎవరు కావాలో తేల్చుకోమన్నారు. ఆ పుస్తకాల సందులోంచి సైతాను పిల్లల మనసుల్లోకి దూరతాడన్నది ఆయన భయం. 'మరి మీరు వాటిని చదివారా?' అని అడిగితే మాత్రం... లేదన్నారు.

చదవని పుస్తకానికి దహన సంస్కారం! వినగానే నవ్వొస్తుంది. కానీ నవ్వేసి ఊరుకుంటే అసలు సంగతి తెలియకుండా పోతుంది. ఎందుకంటే అలాంటి మంటల దగ్గరకు వచ్చేవాళ్లలో తల్లులూ తండ్రులూ ఉంటారు. పిల్లల మీద ప్రేమతోనే వస్తారు. వాళ్ల భయం నటన కాదు. దానికి వాళ్ల దగ్గర ఓ కారణమూ ఉంది.

భయం ఎక్కడిది?

చందమామలో భేతాళ కథలు చదివి, 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుణ్ని చూసి చప్పట్లు కొట్టినవాళ్లకు ఇదంతా వింతగానే ఉంటుంది. మాంత్రికుడంటే వాళ్లకు కథలో ఓ పాత్ర. అంతే. కానీ బైబిల్‌ని అక్షరాలా నమ్మే కుటుంబంలో ఆ మాటకున్న బరువు వేరు. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయంలో దేవుడు వద్దన్న పనుల జాబితా ఒకటుంది. సోదె, శకునం, చిల్లంగి, కర్ణపిశాచి... తెలుగు బైబిల్ చదివేవాళ్లకు ఈ మాటలు కొత్తకాదు. చచ్చినవాళ్ల ఆత్మలతో మాట్లాడటమూ అందులో ఉంది. సౌలు రాజు వేషం మార్చుకుని రాత్రిపూట ఏన్దోరులోని ఓ మంత్రగత్తె గడప తొక్కడం, ఆ తర్వాత యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకోవడం సమూయేలు గ్రంథంలోని కథ.

అంటే ఆ విశ్వాసికి మంత్రం ఉత్తుత్తి ఆట కాదు. నిజంగా ఉన్న ప్రమాదం. కరెంటు తీగ లాంటిది. 'ఇది బొమ్మ తీగేలే, పట్టుకో' అని ఏ తల్లయినా అంటుందా? అదీ వాళ్ల వాదన.

దీనికి మరో భయం తోడైంది. ఇంగ్లండులో 1950లలో జెరాల్డ్ గార్డ్‌నర్ ప్రచారంలోకి తెచ్చిన 'విక్కా' అనే మతం అమెరికాలోనూ పాకింది. దాన్ని పాటించేవాళ్లు తమను తాము మంత్రగత్తెలమనే చెప్పుకుంటారు. కథ చదివి ముచ్చటపడ్డ పిల్లలు రేపు అటు వెళ్లరన్న నమ్మకమేంటని తల్లిదండ్రుల ప్రశ్న.

పోటర్ మీద పుస్తకాలే రాసిన విమర్శకులున్నారు. 2001లో రిచర్డ్ అబేన్స్ 'హ్యారీ పోటర్ అండ్ ద బైబిల్' రాశారు. ఆయన అభ్యంతరం మంత్రాలతోనే ఆగలేదు. హ్యారీ అబద్ధాలాడతాడు. నిబంధనలు మీరతాడు. అయినా చివరికి మెచ్చుకోళ్లే దక్కుతాయి. ఇది పిల్లలకు ఏం నేర్పుతుంది అన్నది ఆయన నిలదీత. మంత్రాల సంగతి పక్కనబెట్టినా ఏ ఇంట్లోనైనా కాసేపు మాట్లాడుకోదగ్గ ప్రశ్నే ఇది.

వేళాకోళం వార్తయింది!

భయం ఉన్నచోట పుకారుకు రెక్కలొస్తాయి. 2000 జులైలో 'ది ఆనియన్' అనే అమెరికా హాస్యపత్రిక ఓ కథనం వేసింది. పోటర్ పుస్తకాల పుణ్యమా అని పిల్లలంతా సైతాను ఆరాధనకు ఎగబడుతున్నారని దాని సారాంశం. ఆ పత్రికలో రాసేవన్నీ కల్పితాలే. పాఠకుల్ని నవ్వించడమే దాని పని. కానీ ఎవరో దాన్ని ఈమెయిల్లో పెట్టారు. అది చేతులు మారింది. పత్రిక పేరు ఎగిరిపోయింది. 'చూశారా! పిల్లలే చెబుతున్నారు' అంటూ అమాయకులు ఒకరికొకరు పంపుకోవడం మొదలెట్టారు. కల్పిత కథ చదివితే పిల్లలు నిజమనుకుంటారని భయపడ్డ పెద్దలే ఓ కల్పిత వార్తను నిజమనుకున్నారు!

పిల్లలకు ఈ తేడా పెద్దలనుకునేదానికన్నా బాగానే తెలుసు. చీపురు మీద కూర్చుని మేడమీంచి దూకితే ఏమవుతుందో పోటర్ చదివిన పిల్లాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

దేవుడి బిడ్డల్లోనే రెండు జట్లు

ఈ గొడవను చాలామంది మతానికీ, మతం లేనివాళ్లకీ మధ్య తగాదాలా చూస్తారు. అసలు తగాదా ఒకే దేవుణ్ని కొలిచేవాళ్ల మధ్యే జరిగింది.

చక్ కోల్సన్ పేరు అమెరికా క్రైస్తవులకు బాగా తెలుసు. అధ్యక్షుడు నిక్సన్ దగ్గర పనిచేసి, వాటర్‌గేట్ వ్యవహారంలో జైలుకెళ్లి, మారిన మనిషై ఖైదీల మధ్య సేవచేసిన మతబోధకుడు. మెతకవాదని ఆయన్నెవరూ అనలేరు. ఆ కోల్సనే 1999లో పోటర్‌ని వెనకేసుకొచ్చారు. ఈ కథల్లో మంత్రం ఓ యంత్రం లాంటిదని ఆయన వివరణ. దండం ఊపితే పని జరుగుతుంది. ఎవరూ ఏ ఆత్మనూ పిలవరు, ఏ భూతంతోనూ ఒప్పందం చేసుకోరు. పైగా ఆ పిల్లల్లో ధైర్యం ఉంది, స్నేహం కోసం త్యాగం చేసే గుణం ఉంది అన్నారు. 2000 జనవరిలో క్రైస్తవుల ప్రముఖ పత్రిక 'క్రిస్టియానిటీ టుడే' కూడా పోటర్‌ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది.

పుస్తకాలు తెరిచి చూసినవాళ్లకు ఇంకో సంగతీ తెలుస్తుంది. బైబిల్ గట్టిగా వద్దన్న సోదెను రౌలింగ్ ఎలా చూపించారు? హాగ్వార్ట్స్‌లో జ్యోతిషం చెప్పే ట్రెలానీ టీచరమ్మను చూసి పిల్లలు నవ్వుకుంటారు. తెలివైన హెర్మియోనీ అయితే ఆ క్లాసులోంచి విసురుగా లేచి వెళ్లిపోతుంది. అయితే అదే టీచరమ్మ ఎప్పుడో చెప్పిన ఓ జోస్యం మీదే కథంతా నడుస్తుంది. అంటే రెండు జట్లకూ చెప్పుకోవడానికి ఎంతోకొంత దొరుకుతుందన్నమాట!

కేథలిక్కుల్లోనూ ఇదే తీరు. 2003 ఫిబ్రవరిలో వాటికన్ పత్రికా సమావేశంలో ఫాదర్ పీటర్ ఫ్లీట్‌వుడ్ ఈ కథలు మంచీచెడుల తేడాను పిల్లలకు చెబుతాయన్నారు. సరిగ్గా మరుసటి నెలలోనే కార్డినల్ రాట్జింగర్ పోటర్‌ని విమర్శించిన ఓ జర్మన్ రచయిత్రికి జాబు రాస్తూ, ఇవి పైకి కనపడకుండా మనసును లాగే ఆకర్షణలంటూ ఆమెను సమర్థించారు. ఆయన 2005లో పోప్ అయ్యాక ఆ జాబు బయటపడి పెద్ద వార్తయింది. 2008 జనవరిలో వాటికన్ పత్రిక 'లొస్సెర్వతోరె రొమానో' ఏకంగా రెండు వ్యాసాలు వేసింది. ఒకటి అనుకూలం, రెండోది వ్యతిరేకం! మరుసటేడు ఆరో సినిమా వచ్చినప్పుడు మాత్రం అదే పత్రిక మెచ్చుకుంది.

బీరువాలోని సింహం

'మరి నార్నియా సంగతేంటి?' ఈ చర్చలో ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఇది. సి.ఎస్.లూయిస్ క్రైస్తవ ధర్మం మీద పుస్తకాలు రాసిన మనిషి. 1950లో ఆయన రాసిన 'ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్' పేరులోనే మంత్రగత్తె ఉంది. నలుగురు పిల్లలు బీరువాలోంచి మరో లోకంలోకి వెళతారు. అక్కడ అస్లాన్ అనే సింహం ఒకరి తప్పుకు తన ప్రాణమిచ్చి మళ్లీ బతుకుతుంది. ఆ సింహం ఎవరో చర్చికెళ్లే పిల్లలకు వేరే చెప్పాలా? ఆయన స్నేహితుడు టోల్కీన్ నిష్ఠగల కేథలిక్కు. ఆయన సృష్టించిన గాండాల్ఫూ మాంత్రికుడే.

పోటర్‌ని వద్దన్నవాళ్లలో చాలామంది ఈ ఇద్దర్నీ ఇష్టంగా చదువుతారు. తేడా ఏంటంటే వాళ్ల సమాధానం ఇదీ: నార్నియా మంత్రం నార్నియాలోనే ఉంటుంది. పోటర్ అలాకాదు. లండన్‌లో రైలెక్కితే చాలు. ఓ బడి. పాఠ్యపుస్తకాలు. పరీక్షలు. పిల్లలే మంత్రాలు నేర్చుకుంటారు. 'బళ్లో చేరితే నాకూ వస్తుంది' అనిపించేలా ఉంటుంది. అవతలి జట్టు ఊరుకుంటుందా? నార్నియాలో మాత్రం లూసీ ఓ మాంత్రికుడి ఇంట్లో మంత్రాల పుస్తకం తెరిచి చదవలేదా అని అడుగుతుంది.

భక్తితో రాసినా బోనెక్కక తప్పలేదు కొందరికి. మాడలిన్ లెంగిల్ న్యూయార్క్‌లోని ఓ పెద్ద చర్చిలో ఏళ్ల తరబడి గ్రంథాలయం చూసుకున్న విశ్వాసి. 1962లో ఆమె రాసిన 'ఎ రింకిల్ ఇన్ టైమ్'కు మరుసటేడే అమెరికా బాలసాహిత్యంలో గొప్పదైన న్యూబరీ పతకం వచ్చింది. అయినా 1990లలో అమెరికాలో ఎక్కువ ఫిర్యాదులొచ్చిన పుస్తకాల్లో అదీ ఒకటి. అందులో స్ఫటిక గోళంలోకి చూసే పాత్ర ఉందని కోపం. చీకటితో పోరాడినవాళ్ల పేర్లు చెప్పే చోట యేసుతో పాటు బుద్ధుడు, ఐన్‌స్టీన్, గాంధీజీల పేర్లూ చెప్పిందని ఇంకో కోపం.

దీనికి తిరగేసిన కథ ఫిలిప్ పుల్‌మన్‌ది. ఆయన నాస్తికుడు. చర్చి అధికారం మీద తన వ్యతిరేకతను ఎప్పుడూ దాచుకోలేదు. 1995లో ఆయన 'నార్తరన్ లైట్స్' వచ్చినప్పుడు అమెరికాలో పోటర్ మీద లేచినంత దుమారం లేవలేదు. 2007లో అది 'ద గోల్డెన్ కంపాస్' సినిమాగా వచ్చినప్పుడు గానీ కేథలిక్ లీగ్ అనే సంస్థ బహిష్కరణ పిలుపు ఇవ్వలేదు. చర్చిని నేరుగా ప్రశ్నించిన పుస్తకం కన్నా, చీపురెక్కిన పిల్లాడే ముందు కంటపడ్డాడు. పుస్తకంలో ఏం చెప్పారన్నది లోపలికెళితే తప్ప తెలియదు. మంత్రదండం అట్ట మీదే కనపడుతుంది!

ఒక సంతకం... ఒక తీర్పు

అమెరికా గ్రంథాలయ సంఘం లెక్క ప్రకారం 2000 నుంచి 2009 వరకూ ఎక్కువ అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకాల్లో మొదటి స్థానం పోటర్‌దే. వాటిలో ఓ గొడవ కోర్టు దాకా వెళ్లింది.

ఆర్కాన్సా రాష్ట్రంలో సెడార్‌విల్ అనే చిన్న ఊరు. ఓ తల్లి బడి లైబ్రరీలో ఉన్న మొదటి పోటర్ పుస్తకం మీద ఫిర్యాదు చేసింది. 15 మందితో వేసిన కమిటీ ఏకగ్రీవంగా పుస్తకం ఉండాల్సిందే అంది. 2002లో స్కూలు బోర్డు దాన్ని పక్కనబెట్టింది. ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరోవైపు. ఒక్క ఓటు తేడాతో పోటర్ పుస్తకాలన్నీ అరల్లోంచి మాయం! కావాల్సినవాళ్లు ఇంటినుంచి తల్లిదండ్రుల సంతకం తెచ్చుకోవాలన్నారు.

నిషేధం కాదుగా, సంతకమేగా? అక్కడే ఉంది కిటుకు. కోర్టుకెళ్లిన కుటుంబంలోని అమ్మాయికి ఇంట్లో అనుమతి ఉంది. పుస్తకాలూ ఇంట్లోనే ఉన్నాయి. మరి నష్టమేంటి? 2003 ఏప్రిల్లో ఫెడరల్ జడ్జి జిమ్ హెండ్రెన్ దానికి జవాబు చెప్పారు. సంతకం అడిగారంటే ఆ పుస్తకానికి చెడ్డదన్న ముద్ర వేసినట్టే. అది అడిగి తీసుకున్న పిల్ల మీదా ఆ ముద్ర పడుతుంది. చదివితే పిల్లలు మాట వినరు, మంత్రాలవైపు వెళతారు అన్న బోర్డు భయానికి ఆధారాలు చూపలేకపోయారని చెప్పి పుస్తకాలను తిరిగి అరల్లో పెట్టమన్నారు.

జార్జియా రాష్ట్రంలో నలుగురు పిల్లల తల్లి ఒకామె 2005లో ఇలాంటి పోరాటమే మొదలెట్టింది. జిల్లా బోర్డులో ఓడింది. రాష్ట్ర బోర్డులో ఓడింది. లాయరు లేకుండా తనే వాదించుకుని 2007 మేలో కోర్టులోనూ ఓడింది. ఆమె పట్టుదలను తక్కువచేయక్కర్లేదు. కానీ అవి మరీ పెద్ద పుస్తకాలని, తాను పూర్తిగా చదవలేదని ఆమే ఒప్పుకుంది.

సమాధి మీద ఓ వాక్యం

2007 జులైలో ఏడో పుస్తకం వచ్చింది. తొలి పుస్తకం వచ్చి అప్పటికి పదేళ్లు. అందులో హ్యారీ మంచు రాత్రి తన అమ్మానాన్నల సమాధి దగ్గరకు వెళతాడు. ఆ రాతి మీద చెక్కి ఉన్నది మరణం గురించి కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోని మాట. పక్కనే డంబుల్‌డోర్ తల్లీ చెల్లెళ్ల సమాధి మీద ఉన్నది మత్తయి సువార్త మాట. చివరికి హ్యారీ తనవాళ్ల కోసం తెలిసి తెలిసీ మృత్యువుకు ఎదురు వెళతాడు. తిరిగి వస్తాడు.

అదే ఏడాది అక్టోబరులో రౌలింగ్ నోరు విప్పారు. ఆమె స్కాట్లాండ్ చర్చి సభ్యురాలు. ఈ పోలికలు తనకు మొదటినుంచీ తెలుసనీ, ముందే చెబితే కథ ఎటు వెళుతుందో చదువరులు కనిపెట్టేస్తారని ఊరుకున్నాననీ అన్నారు. అలమగోర్డోలో మంట పెట్టేనాటికి వచ్చినవి నాలుగు పుస్తకాలే. అంటే కథ పూర్తికాకముందే తీర్పు వచ్చేసింది!

ఇది తెలిశాక అందరూ శాంతించారా? లేదు. 2019 మార్చిలో పోలండ్‌లో కొందరు ఫాదర్లు పోటర్ పుస్తకంతో పాటు ఓ ఆఫ్రికా ముసుగునూ, హలో కిట్టీ బొమ్మ గొడుగునూ తగలబెట్టి, విమర్శలు రాగానే క్షమాపణ చెప్పారు. అదే ఏడాది అమెరికాలోని నాష్‌విల్‌లో ఓ కేథలిక్ బడి లైబ్రరీ నుంచి పోటర్ పుస్తకాలను తీసేశారు. వాటిలో ఉన్నవి నిజమైన మంత్రాలేనని, చదివితే దుష్టశక్తులొస్తాయని అక్కడి ఫాదర్ నమ్మకం. 2022 ఫిబ్రవరిలో టెనెస్సీలో మరో పాస్టర్ మరో మంట పెట్టారు.

ఎఫెసులో ఏం జరిగింది?

పుస్తకాలు తగలబెట్టేవాళ్లు తరచూ చూపించేది బైబిల్లోని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం. పౌలు బోధ విని ఎఫెసు పట్టణంలో మాంత్రికులు తమ పుస్తకాలు తెచ్చి అందరి ముందూ కాల్చేశారు. వాటి ఖరీదు లెక్కగడితే 50 వేల వెండి నాణేలు.

ఆ కథను నిదానంగా చదివితే రెండు సంగతులు కనిపిస్తాయి. వాళ్లు కాల్చింది తమ పుస్తకాల్ని. పొరుగింటివాళ్లవీ, ఊరి లైబ్రరీవీ కాదు. రెండోది, వాటిలో ఏముందో వాళ్లకు అక్షరమక్షరం తెలుసు. ఏళ్లతరబడి వాటితోనే బతికారు. తెలిసి, నష్టం భరించి వదులుకున్నారు. అలమగోర్డోలోనూ జనం తమ పుస్తకాలే తెచ్చారు నిజమే. కానీ దగ్గరుండి నడిపించిన పెద్దాయనకే వాటిలో ఏముందో తెలియదు. సెడార్‌విల్‌లో అయితే ఊళ్లో పిల్లలందరి అరా ముగ్గురి ఓటుతో ఖాళీ అయింది.

తమ పిల్లలు ఏం చదవాలో చెప్పే హక్కు తల్లిదండ్రులకు ఉంది. మా అమ్మాయికి ఈ పుస్తకం ఇవ్వొద్దని ఓ తల్లి బడికి చెప్పుకోవచ్చు. అది ఆ ఇంటి విశ్వాసం. పక్కింటి అమ్మాయికీ ఇవ్వొద్దన్నప్పుడే చిక్కు. ఆ అమ్మాయికీ ఓ తల్లి ఉంది. ఆమెకూ ఓ విశ్వాసం ఉంది. కోల్సన్ లాగా ఆమె కూడా అదే బైబిల్ చదివి, వేరే నిర్ణయానికి వచ్చి ఉండొచ్చు.

1952లో పిల్లల కోసం రాయడం గురించి మాట్లాడుతూ లూయిస్ ఓ సంగతి చెప్పారు. పిల్లలకు జీవితంలో క్రూరమైన శత్రువులు ఎదురవక తప్పదు, కాబట్టి ధైర్యవంతులైన వీరుల గురించి ముందే విననివ్వండి అన్నది ఆయన మాటల భావం. ఈ మాటతో ఏకీభవించని అమ్మానాన్నలూ ఉంటారు. ఉండనీండి. అమెరికాలో ఈ గొడవ ముదిరిన రోజుల్లోనే కొన్ని క్రైస్తవ కుటుంబాలు ఓ పద్ధతి పట్టుకున్నాయి. పుస్తకాన్ని పిల్లాడి చేతికిచ్చి వదిలేయకుండా, పక్కన కూర్చుని కలిసి చదవడం. హ్యారీ అబద్ధమాడిన చోట ఆగి 'ఇది సరైన పనేనా?' అని అడగడం.

దానికి రోజూ ఓ అరగంట కావాలి. పుస్తకానికి నిప్పు పెట్టడానికి ఒక్క నిమిషం చాలు. అరగంట కూర్చున్న అమ్మానాన్నలు చివరికి 'ఇది మనింట్లో వద్దు' అనే నిర్ణయానికే రావొచ్చు. వస్తే తప్పేం లేదు. కాకపోతే, 'ఎందుకు వద్దు?' అని పిల్లాడు అడిగినప్పుడు చెప్పడానికి వాళ్ల దగ్గర ఓ జవాబు ఉంటుంది.